యాప్ లేకుండా పలాస జీడిపప్పు ఆన్‌లైన్‌లో అమ్మడం – నా అనుభవం

మాది శ్రీకాకుళం జిల్లాలో పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గ. అమ్మ జీడి ఫ్యాక్టరీలో పొట్టు తీసి గ్రేడింగ్ చేసేది, నేను బీకామ్ చదివి అలాంటి ఫ్యాక్టరీలోనే లెక్కలు రాసేదాన్ని. కోడింగ్ అంటే ఇప్పటికీ తెలీదు, సైట్‌లో ఏదైనా ఆగితే తమ్ముడికి స్క్రీన్‌షాట్ పెట్టడమే నాకొచ్చిన టెక్నాలజీ. అయినా ఇంటి నుంచి జీడిపప్పు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నా, ఎలా చేశావని మా వైపు ఆడపిల్లలు అడుగుతుంటే ఒక్కసారే రాసేద్దామనిపించింది.

మొదట వైజాగ్‌లో ఒక యాప్ కంపెనీకి వెళ్లాను. లాగిన్, వాలెట్, రివార్డ్ పాయింట్లు అంటూ లక్షల్లో కొటేషన్ ఇచ్చారు. అంతా విని, మరి పప్పు ఎవరు కొంటారండీ అంటే అది మీ మార్కెటింగ్ మేడమ్ అన్నారు. సరే అని టీ తాగి వచ్చేశా. ఆ రాత్రే వాట్సాప్ బిజినెస్ వేసుకున్నా, అది ఫ్రీ, కేటలాగ్ కూడా అందులోనే పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్న మన సిక్కోలు (శ్రీకాకుళం) వాళ్ల గ్రూపుల్లో ఫొటోలు పెడితే మొదటి ఆర్డర్లు అక్కణ్ణుంచే వచ్చాయి. వాళ్లు ఏం అడుగుతున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని, తర్వాత సైట్‌లో పెట్టిన మాటలన్నీ ఆ నోట్‌బుక్‌లోవే.

ఉదాహరణకి గ్రేడ్లు. ఫ్యాక్టరీలో మేము డబ్ల్యూ 180, 210, 240, 320 అంటాం, అంటే ఒక పౌండు బరువుకి దాదాపు అన్ని గుండు పప్పులు తూగుతాయని, అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది. కొనేవాళ్లకి ఇది అక్కర్లేదు, "పాయసంలోకి ఏది తీసుకోమంటారు" అని అడుగుతారు అంతే. అందుకే సైట్‌లో పేర్లు తినడానికి పెద్ద గుండు, పాయసంలోకి బద్ద, గ్రేవీకి ముక్క అని పెట్టా, గ్రేడు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. బద్ద చవక, రుచిలో తేడా ఏం లేదు, పేరు మార్చాక అదే ఎక్కువ పోతోంది.

సైట్ నెల అద్దెకి దొరికే రెడీమేడ్ స్టోర్ మీద పెట్టా, ఫొటోలు ఎక్కించడం, రేట్లు మార్చడం ఫోన్లోనే అయిపోతుంది. కష్టమంతా చుట్టూ ఉన్న కాగితాల్లోనే. పేమెంట్ గేట్‌వే (సైట్‌లో డబ్బు కట్టించుకునే సర్వీసు) వాళ్లు రిఫండ్, ప్రైవసీ, టర్మ్స్, కాంటాక్ట్ పేజీలు ఉంటే గానీ అప్రూవ్ చెయ్యరు. కస్టమర్ కట్టిన డబ్బు మన అకౌంట్‌కి రావడానికి రెండు పని దినాలు పడుతుంది, ఇక్కడేమో పప్పు ఇచ్చే షావుకారు చేతిలో క్యాష్ పెట్టమంటాడు, కాబట్టి కొంత డబ్బు ఎప్పుడూ పక్కనుండాలి. ఓటీపీ ఎస్సెమ్మెస్ పెడదామంటే డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (వ్యాపారం పేరుతో ఎస్సెమ్మెస్‌లు పంపాలంటే టెలికాం కంపెనీల దగ్గర చేయించుకునే నమోదు), టెంప్లేట్ అప్రూవల్ అన్నారు, ఓటీపీయే వద్దనుకున్నా. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్స్) నంబరు, ఎమ్మార్పీ, నెట్ వెయిట్, ప్యాక్ చేసిన నెల, అడ్రస్, ఫోన్ నంబరు ఉండాల్సిందే.

జీఎస్టీ సంగతి ఇంకోటి. సరుకు అమ్మేవాళ్లకి మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షల అమ్మకాల వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ చెప్తారు, నిజమే, కానీ అది రాష్ట్రం లోపల అమ్ముకుంటేనే. 2014 తర్వాత హైదరాబాద్ మనకి వేరే రాష్ట్రం కదా, అక్కడికి పంపాలంటే మొదటి ప్యాకెట్ నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. నా కస్టమర్లు సగం పైగా అక్కడే, అందుకని ముందే తీసేసుకున్నా.

ఇక కొరియర్. లాభమంతా ఇక్కడే తేలుతుంది, దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. పార్సిల్‌కి తూకం మాత్రమే కాదు, పెట్టె సైజు కూడా లెక్కే. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, దానికీ అసలు తూకానికీ ఏది ఎక్కువైతే దానికి బిల్లు. కేజీ పప్పు 30, 20, 15 పెట్టెలో పెడితే 1.8 వస్తుంది, అరకేజీ స్లాబులు కాబట్టి రెండు కేజీల రేటు పడుతుంది. అదే పప్పు 25, 16, 10 పెట్టెలో పెడితే లెక్క 0.8 కాబట్టి అసలు తూకమే చూస్తారు, కేజీ పైన కొంచెం, అంటే ఒకటిన్నర స్లాబు. ఇది చెప్పింది కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు తూచే కుర్రాడు, ఏ బిజినెస్ కోర్సూ కాదు. క్యాష్ ఆన్ డెలివరీలో తలుపు దగ్గర వద్దంటే పోను రాను ఛార్జీలు మనకే. పూర్తిగా తీసేస్తే ఆర్డర్లు తగ్గుతాయి, అందుకని 100 రూపాయలు ముందు యూపీఐలో కట్టించుకుంటా, మిగతాది ఇంటి దగ్గర. వంద కట్టినవాళ్లు వెనక్కి పంపడం చాలా అరుదు.

మార్కెటింగ్ అంటే ఫేస్‌బుక్‌లో బూస్ట్ బటన్ నొక్కడం అనుకుంటారు. దానికి లైకులొస్తాయి, ఆర్డర్లు కావాలంటే యాడ్స్ మేనేజర్‌లో సేల్స్ అని ఎంచుకుని సైట్‌లో పిక్సెల్ (యాడ్ చూసి ఎవరు కొన్నారో ఫేస్‌బుక్‌కి చెప్పే చిన్న కోడ్) పెట్టాలి, రెడీమేడ్ స్టోర్‌లో అది ఒక నంబరు అతికించడమే. అయినా యాడ్స్ కన్నా అమ్మ రీల్ బాగా పనిచేసింది. పొట్టు తీస్తుంటే వీడియో తీస్తున్నా, "ఏటమ్మా ఇది, పప్పు ఒలవడం కూడా ఎవలైనా సూస్తారేటి" అంది, ఆ మాట కట్ చెయ్యకుండా ఉంచేశా. జనం దాన్నే షేర్ చేశారు.

రీల్ కింద ఎక్కువ మంది అడిగింది, ఇది నిజంగా మన పిక్కేనా (పిక్క అంటే పప్పు తీయని జీడిగింజ), ఆఫ్రికాదా అని. దాచేదేముంది, పలాస ఫ్యాక్టరీలకి ఉద్దానం (మా చుట్టుపక్కల జీడితోటల ప్రాంతం) పంట చాలదు, ఆఫ్రికా పిక్కలు కూడా వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి చెట్లు ఎన్ని పడిపోయాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే నేను ఉద్దానం పిక్క వేసవిలో రైతుల దగ్గర 80 కేజీల బస్తాల్లెక్కన కొని, విడిగా ఆడించి, ప్యాకెట్ మీద ఊరి పేరు వేస్తున్నా. రేటు ఎక్కువే, అయినా ముందు అదే అయిపోతోంది. మిగతా ప్యాకెట్ల మీద ఊరి పేరు ఉండదు, అడిగితే ఎక్కడిదో చెప్తా.

ఇప్పుడు సంక్రాంతి స్టాక్ పనిలో ఉన్నా. పైన చెప్పిన 25, 16, 10 సైజు పెట్టెలు చుట్టుపక్కల ఎవరైనా తక్కువ రేటుకి చేస్తుంటే కాస్త చెప్పండి, విజయనగరం వైపైనా పర్లేదు, బస్సులో వేయించుకుంటా.