గొడ్డలి కొనబోయి కామ దగ్గర ఆగాను

మా పెరట్లో చచ్చిపోయిన చెట్టు పేరు యాష్. ఫోనులో చెబితే నాన్న "బూడిదా?" అన్నారు. ఆయన వెటకారానికి అన్నారో నిజంగానే అడిగారో ఇప్పటికీ తెలీదు.

మిషిగన్‌లో మేం ఈ ఇల్లు కొనేసరికే దాని తల ఎండిపోయి ఉంది. బెరడు మీద ఇంగ్లీషు 'డి' అక్షరం ఆకారంలో సన్నటి బెజ్జాలు. పచ్చగా నిగనిగలాడే ఒక పురుగు చేసిన పని అది. ఎమరాల్డ్ యాష్ బోరర్ అంటారు. తూర్పు ఆసియా పురుగు. అమెరికాలో మొదటిసారి బయటపడింది 2002లో, మా డెట్రాయిట్ చుట్టుపక్కలే. దాని పిల్లపురుగులు బెరడు కింద మెలికలు తిరుగుతూ తొలుచుకుపోతే చెట్టుకి నీళ్ళు పైకెక్కవు. అలా ఈ దేశంలో కోట్ల చెట్లు పోయాయి.

చచ్చిన యాష్ బాగా పెళుసు. ఎప్పుడు ఏ కొమ్మ విరిగి నెత్తిన పడుతుందో చెప్పలేం. అందుకని కూల్చే పని చేతనైనవాళ్ళకే అప్పగించాను. వాళ్ళు కూల్చి, 16 అంగుళాల మొద్దులుగా కోసి, "ఇవి తీసుకెళ్ళాలంటే రేటు వేరు" అన్నారు. ఉంచేయమన్నాను. పొయ్యిలోకి కొన్ని, వేసవిలో క్యాంపింగ్‌కి వెళ్ళినప్పుడు కొన్ని అని నా లెక్క. రెండో లెక్క తప్పింది. కట్టెల్లో దాక్కుని పురుగు కొత్త అడవికి చేరుతుంది కాబట్టి కట్టెల్ని ఊళ్ళు దాటించొద్దని, కాల్చే చోటే కొనుక్కోమని ఇక్కడ దారి పొడుగునా బోర్డులు. అంటే నాకు రెండు పనులు తేలాయి. ఇంట్లో మొద్దులు చీల్చడం ఒకటి. క్యాంపులో కొన్న లావుపాటి కట్టెల్ని రాజుకునేంత సన్నటి పుల్లలుగా చేసుకోవడం ఇంకొకటి. ఈ రెంటికీ ఒకటే గొడ్డలి చాలనుకున్నాను.

అలా కొన్నదే ఆ చిన్న గొడ్డలి, ఇక్కడివాళ్ళు హ్యాచెట్ అనేది. 14 అంగుళాల కామ, అంటే పట్టుకునే పిడి, 600 గ్రాముల తల, చవక. కామకి మెరిసే ఎర్ర రంగు. కొత్తవాడిని కదా, చిన్నదైతే ప్రమాదం తక్కువ అనుకున్నాను. చాకు కంటే కత్తి, కత్తి కంటే గొడ్డలి ప్రమాదం అనే వరసలో ఆలోచించాను. గొడ్డళ్ళ విషయంలో ఆ వరస తలకిందులు.

మూడో రోజు నిలబడి ఒక కొమ్మ ముడిని నరుకుతుంటే గొడ్డలి జారింది. జారి ఆగలేదు. అడుగు మొద్దుని దాటుకుని నా ఎడమ కాలి దాకా వచ్చింది. జీన్స్ ప్యాంటు జానెడు చిరిగింది, చర్మం గీరుకుంది, అంతే. మా ఆవిడ ప్యాంటు చూసింది, నన్ను చూసింది, ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ.

సంగతి విప్పి చెప్పింది పక్కింటి పెద్దాయన. రిటైరయ్యి, కట్టెల పొయ్యి మీదే చలికాలం గడిపే మనిషి. ఆయన తన పొడవాటి గొడ్డలి తీసుకుని ఊరికే గాల్లో తిప్పి చూపించాడు. 36 అంగుళాల కామైతే, దెబ్బ తప్పినా అది తిరిగే వలయం మనకి ముందే నేలలో దిగిపోతుంది. 14 అంగుళాలదైతే నేల ఇంకా చాలా దూరంలో ఉంటుంది, మధ్యలో ఉండేది మన మోకాలు. "చిన్నది వాడాలంటే మోకాళ్ళ మీద కూర్చో, లేకపోతే దాన్ని ఎత్తకు" అన్నాడు.

ఆ శనివారం తన గ్యారేజీలోవి మూడు నా ముందు పెట్టాడు. మొదటిది చెట్లు కూల్చే గొడ్డలి, మూడున్నర పౌన్ల తల. అంచు పల్చన. కర్ర నారకి అడ్డంగా కొడితే ఎంత లోతుకైనా దిగుతుంది. నేను మొద్దు నడినెత్తిన కొట్టాను, దిగింది, ఇక రాలేదు. కొట్టిన క్షణం కంటే ఊడదీసిన సమయం ఎక్కువ. రెండోది మాల్. ఒకవైపు గొడ్డలి, మరోవైపు సమ్మెట, 8 పౌన్లు. మన పాత కథల్లో గండ్రగొడ్డలి అంటే ఇలాగే ఉంటుందేమో. మొద్దు మాత్రం విడిపోయింది, సందేహం లేదు. పన్నెండు దెబ్బలకి నా భుజాలూ విడిపోయాయి. మూడోది చీల్చే గొడ్డలి. 4 పౌన్ల తల, 36 అంగుళాల ప్లాస్టిక్ కామ. తల బుగ్గలు ఉబ్బి ఉంటాయి. అంచు కాస్త దిగగానే ఆ బుగ్గలు కర్రని రెండు పక్కలకీ తోసేస్తాయి. అందుకే ఇరుక్కోదు.

తేలికది బరువుదాన్ని ఎలా గెలుస్తుందో ఇంటర్ ఫిజిక్సు గుర్తుచేసుకుంటే అర్థమైంది. బరువు రెట్టింపైతే దెబ్బలో శక్తి రెట్టింపు, వేగం రెట్టింపైతే నాలుగింతలు. అయిదడుగుల ఆరంగుళాల మనిషిని, కీబోర్డు తప్ప ఏమీ ఎత్తని చేతులు నావి. నేను 8 పౌన్లని వేగంగా తిప్పలేను, నాలుగైతే తిప్పగలను. ఇంటికి అలాంటిదే కొన్నాను. యాష్ కూడా మర్యాదగల చెట్టు, నార తిన్నగా ఉంటుంది కాబట్టి టప్పుమని విచ్చుకుంటుంది. అదే ఎల్మ్ అయితే పీచు పీచుగా సాగి మనిషిని ఏడిపిస్తుందట.

ఇక క్యాంపుకి. దీని దగ్గరే నెల పట్టింది. నా ముందున్నవి మూడు రకాలు. తల, కామ ఒకటే ఉక్కు ముక్కగా చేసి, పట్టుకునే చోట తోలు బిళ్ళలు తొడిగినవి. ఇలినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో 1923 నుంచి ఉన్న ఎస్ట్‌వింగ్ వాళ్ళవి ఈ పద్ధతివి. ఇందులో తల ఊడే ప్రసక్తే లేదు. తర్వాత, బోలు ప్లాస్టిక్ కామని తల చుట్టూ పోతపోసినవి. 1649లో ఫిన్లాండ్‌లోని ఒక పల్లెలో ఇనుప కొలిమిగా మొదలై, ఆ పల్లె పేరే పెట్టుకున్న ఫిస్కార్స్ వాళ్ళవి ఇలా ఉంటాయి. కామ విరిగితే మార్చడం కుదరదు గానీ అంత తేలిగ్గా విరగదు కూడా. మూడోది హికరీ అనే గట్టి చెట్టు కర్రతో చేసిన కామకి చీల కొట్టి బిగించినవి. స్వీడన్‌లోని గ్రాన్స్‌ఫోర్స్ బ్రూక్ అనే కార్ఖానాలో తలని సాగగొట్టిన కమ్మరి తన పేరు పొడి అక్షరాలు దాని మీద అచ్చు వేస్తాడు. అది నాకు భలే నచ్చింది. ధర చూశాక కాస్త తక్కువగా నచ్చింది.

చివరికి ఆ మూడో రకంలోనే, అంత పేరులేని ఒకదాన్ని ఎంచాను. ఒకటిన్నర పౌన్ల తల, 19 అంగుళాల కామ. ఒంటిచేత్తో పుల్లలు చేసుకోవచ్చు, అవసరమైతే రెండు చేతులూ పడతాయి. కర్ర కామే ఎందుకంటే, విరిగితే నేనే మార్చుకోవచ్చు. మా నాన్న తుమ్మ కర్రతో ఎన్ని కామలు చెక్కారో లెక్కలేదు.

అందుకే షాపులోంచే ఆయనకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి పదిన్నర. గోడకి వేలాడుతున్నవి తొమ్మిది.

"తల సంగతి తర్వాత. కామ అడుగు చూపించు" అన్నారు. చూపించాను. "చారలు పదును వెంట పోవాలిరా. అడ్డంగా ఉంటే అది కామ కాదు, రేపటి రెండు ముక్కలు."

అడ్డంగా ఉన్నవి నాలుగు. చారలు మధ్యలోనే పక్కకి జారిపోయినవి రెండు. ఇంకోదానికి రంగు వేసి ఉంది. "దాచేవాడి దగ్గర కొనకు" అన్నారు. నా ఎర్ర కామ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అది అప్పటికే వదులై తల ఊగుతోంది. మిగిలిన రెంటినీ తిరగేసి, తుపాకీ గురి చూసినట్టు పదును అంచు నుంచి కామ చివరిదాకా చూడమన్నారు. ఒకదాని తల కంటికి ఆనేంత పక్కకి తిరిగి ఉంది. అలా ఒక్కటి మిగిలింది. షాపు కుర్రాడు ఇదంతా చూసి, మీది కూడా ఈ వ్యాపారమేనా అని అడిగాడు.

నాన్నతో పేచీ వచ్చింది ఒక్క విషయంలోనే. తల వదులైతే రాత్రి నీళ్ళ తొట్లో వేసి ఉంచమంటారు ఆయన. కర్ర ఉబ్బి బిగుస్తుంది, నిజమే. కానీ ఉబ్బినప్పుడు కంతలో నలిగిన కర్ర ఎండాక ముందుకంటే సన్నబడుతుంది, మళ్ళీ వదులవుతుంది. రోజూ వాడి ఏడాదికోసారి కామ మార్చే చోట ఆ పద్ధతి చెల్లుతుంది. నెలకోసారి తీసే నేను అవిసె నూనె పట్టిస్తున్నాను. జాగ్రత్త చెప్పాల్సింది నూనె గురించి కాదు, గుడ్డ గురించి. అవిసె నూనె గుడ్డని ఉండచుట్టి పడేస్తే ఆరుతూ తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. నేను దాన్ని బయట కంచె మీద పరిచి ఆరబెడతాను.

పదునుకి ఆకురాయి, తర్వాత సానరాయి. పాత చిన్నగొడ్డలిని ముందు కరెంటు గ్రైండర్ మీద పెట్టి చూశాను. అంచు నీలంగా మారింది, ఉక్కు మెత్తబడిపోయింది. ఇప్పుడది వేళ్ళు తవ్వడానికి పనికొస్తోంది.

మొన్న క్యాంపులో మోకాళ్ళ మీద కూర్చుని, పుల్లని గొడ్డలి అంచుకి ఆనించి, రెంటినీ కలిపి మొద్దు మీద కొట్టాను. అలా కొడితే వేళ్ళకి ముప్పు తక్కువ, గురి చూసే పనీ ఉండదు. పది నిమిషాల్లో గుప్పెడు గుప్పెడుగా పుల్లలు.

ఇంట్లో యాష్ మొద్దులు దాదాపు అయిపోయాయి. హికరీ దొరకని యూరప్‌లో గొడ్డళ్ళకి ఈ యాషే కామ అని చెప్పినప్పటి నుంచి నాన్న, తిన్నటి పేడు ఒకటి తీసి పెట్టమని నస. చెట్టు ఎన్నాళ్ళ క్రితం చచ్చిందో, లోపల ఎంత పెళుసెక్కిందో మరి. అయినా పురుగు తొలవని నడిమి భాగంలోంచి ఒకటి చీల్చి గ్యారేజీలో నిలబెట్టాను. బాగా ఎండనివ్వమన్నారు. వారానికోసారి ఫోనులో దాన్ని చూపించమంటున్నారు.