ఆ కోపం ఆయనది కాదట

మా ఆయనకి బ్రెయిన్ ట్యూమర్ ఆపరేషన్ అయ్యాక నన్ను ఎక్కువ భయపెట్టింది గడ్డ కాదు, ఆయన కోపం. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, చెంచా కింద పడినా అరిచేవారు. అర్ధరాత్రి లేచి ఆకలంటారు. నాదే ఏదో తప్పనుకుని లోలోపలే కుమిలిపోయాను.

నిన్న మొదటిసారి, ఈ జబ్బున్నవాళ్లు, వాళ్లని చూసుకునేవాళ్లు కలుసుకునే చోటికి వెళ్లాను. (గుమ్మం దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగాను కూడా.) నా మాట పూర్తి కాకముందే ఒకావిడ, "డెక్సామెథసోన్ వాడుతున్నారా?" అన్నారు. మెదడు వాపు తగ్గించే ఆ స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుందట, ఆకలీ చిరాకూ పెంచుతుందట. గడ్డ మెదడు ముందు భాగమైన ఫ్రంటల్ లోబ్‌లో ఉంటే స్వభావమే మారొచ్చట. "మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌కి చెప్పండి" అని రెండుసార్లు అన్నారు. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి అని ఇంకొకాయన చెప్పారు.

ఎవరూ "ధైర్యంగా ఉండు" అనలేదు. ఆ మాట విని విని విసుగొచ్చింది నాకు. ఎంఆర్ఐ రిపోర్ట్ వచ్చేదాకా ఉండే టెన్షన్ గురించి మాత్రం అందరం నవ్వుకున్నాం.

బుధవారం మాకు స్కాన్. ఆవిడ ఫోన్ చేస్తానన్నారు.