ఎడమచేతి మూడు వేళ్లు

మొదట బొటనవేలి కొస మొద్దుబారింది. తర్వాత ఎండిపోయి, పొలుసులు లేచి, నిలువునా చీలింది. చూపుడువేలు, నడిమివేలు కూడా అలాగే అయ్యాయి. మూడూ ఎడమచేతివే. ఉప్పు తగిలితే ప్రాణం విలవిల్లాడేది. రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషను ఆ బొటనవేలిని గుర్తుపట్టకపోతే కుడిచేతి వేలు పెట్టాను.

మాది విశాఖ కంచరపాలెం. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. మామిడికాయల కాలం వస్తే పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన వెల్లుల్లి రోజూ కిలోల లెక్కన ఒలవాలి. పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న పని, దాని మీదకి అనుమానం ఎలా పోతుంది? అంట్ల సబ్బు అనుకున్నాను, కారం అనుకున్నాను. అత్తయ్య పసుపు రాసింది. మందుల షాపులో ఫంగస్ అని ట్యూబు ఇచ్చారు. రాసినన్నాళ్లూ తగ్గేది, మానగానే ఇంకా ఎక్కువయ్యేది. అందులో స్టెరాయిడ్ కలిసి ఉందని తర్వాత తెలిసింది. రబ్బరు గ్లవ్స్ వేసుకున్నా ఫలితం లేదు.

చర్మ డాక్టరమ్మ రెండు చేతులూ బల్ల మీద పెట్టమన్నారు. "కుడిచెయ్యి బాగానే ఉంది కదమ్మా. చాకు ఏ చేత్తో పట్టుకుంటారు?"

"కుడిచేత్తోనండి."

"మరి ఎడమచేత్తో?"

"వెల్లుల్లి రెబ్బ" అంటూనే ఆగిపోయాను. రెబ్బని పట్టుకునేది సరిగ్గా ఆ మూడు వేళ్లే. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. కార్తీకమాసంలో మా ఇంట్లో వెల్లుల్లి ముట్టం. ఆ నెల వేళ్లు నెమ్మదించాయి. వాతావరణం చల్లబడినందుకేమో అనుకున్నాను.

ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకని అడిగాను. సబ్బు, కారం ఎక్కువైతే ఎవరి చర్మమైనా దెబ్బతింటుందట. ఎలర్జీ వేరు. ఏళ్ల తరబడి తగిలిన పదార్థాన్నే ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఒకనాడు శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది, ఇక మరచిపోదు. పైగా తగిలిన ఒకటి రెండు రోజులకి గానీ దురద మొదలవదు కాబట్టి, దేనివల్లో మనకి తట్టదు.

నిర్ధారణకి ప్యాచ్ టెస్టు చేశారు. వీపు మీద చిన్న చిన్న బిళ్లలు అంటించి 48 గంటలు ఉంచారు. వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. విశాఖ ఉక్కపోతలో అదెంత కష్టమో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, ఫ్యాను కింద నుంచి కదల్లేదు. బిళ్లలు తీశాక ఇంకో రెండు రోజులకి మళ్లీ చూశారు. వెల్లుల్లిలో ఉండే డయాలిల్ డైసల్ఫైడ్ పెట్టిన చోట మాత్రం ఎర్రగా పొంగి పొక్కులు లేచాయి. అది చాలా రకాల గ్లవ్స్‌లోంచి కూడా లోపలికి దూరిపోతుందని చెప్పారు. అంటే తప్పు నా శుభ్రతది కాదు. అది విన్నాక కళ్లు చెమర్చాయి.

రెండు వారాలు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసి, డాక్టరమ్మ చెప్పినట్టే మెల్లగా తగ్గించాను. చేతులు కడిగిన ప్రతిసారీ తడి పూర్తిగా ఆరకముందే పెట్రోలియం జెల్లీ, రాత్రిళ్లు దాని మీద నూలు గ్లవ్స్. నెల తిరిగేసరికి పగుళ్లు పూడాయి. చర్మం పైకి మామూలుగా కనిపించినా పూర్తిగా బలపడడానికి నెలలు పడుతుందని హెచ్చరించారు. నిజమే, ఒకరోజు పోపుకి నాలుగు రెబ్బలు చిదిపితే మూడోనాటికి బొటనవేలు మళ్లీ మండింది.

ఇప్పుడు వెల్లుల్లి మా ఆయన ఒలుస్తున్నారు. ఆవకాయ చేత్తో కలిపితేనే రుచి అంటారు కదా, నేను పెద్ద గరిటెతో కలుపుతున్నాను. ఈ ఏడు పట్టుకెళ్లినవాళ్లెవరూ తేడా ఉందనలేదు.