సిందేవాహి బస్సులో నల్లరాయి

మంచిర్యాల నుంచి బల్లార్షా దాకా రైలు ప్రయాణం గురించి రాయడానికేం లేదు. చిన్నమ్మ కూతురి పెళ్లి బాగా జరిగింది, పులిహోరలో ఉప్పు తక్కువైంది, అంతే. నేను రాయాలనుకున్నది మర్నాడు చంద్రపూర్‌లో ఎక్కిన సిందేవాహి ఎర్రబస్సు గురించి.

మన దగ్గర ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు బస్సు ఉచితం. మహారాష్ట్రలో సగం టికెట్. ఆ సగం ఇవ్వడానికి కూడా చెయ్యి రాలేదు, అంతగా అలవాటు పడిపోయాం. పైగా కిటికీ అద్దం కదల్లేదు. మూల్ దాకా దుమ్మంతా నా మొహానికే.

సిందేవాహి ఎందుకంటే ఆ తాలూకాలో లాడ్‌బోరి అనే ఊరుంది. 2022 ఏప్రిల్ 2, ఉగాది రోజు, రాత్రి ఎనిమిది కావస్తుండగా ఆకాశంలో నిప్పుల వరుస ఒకటి సాగిపోయింది. వీడియోలు మీరూ చూసే ఉంటారు. అందరూ ఉల్కలన్నారు. లాడ్‌బోరిలో మాత్రం దాదాపు మూడు మీటర్ల వెడల్పున్న లోహపు చక్రం లాంటిది పడింది. అంతకు ముందు ఏడాది చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్ ముక్క అయి ఉంటుందని నిపుణులు లెక్కకట్టారు.

పక్క సీట్లో పెద్దాయన నా ఫోన్‌లో తెలుగు చూసి మాట కలిపాడు. బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడట, సొంతూరు ఆసిఫాబాద్ వైపు.

"ఆ రాత్రి నేను సూసిన బిడ్డా. సుక్కలన్నీ ఒక్క వరుసల పోయినయ్."

"అందుకే అవి ఉల్కలు కావు బాపూ. అంత నిదానంగా పోవు."

నిజమైన ఉల్క సెకనుకు పదకొండు కిలోమీటర్లకు తక్కువ వేగంతో రాదు, డెబ్బై దాకా కూడా ఉంటుంది. రెప్ప వేసేలోపు అయిపోతుంది. మనం చూసే రాలుచుక్కల్లో చాలావరకు తోకచుక్కలు వదిలిన ఇసుక రేణువంత ధూళే. రాకెట్ ముక్కలు ఎనిమిది కిలోమీటర్ల లోపు వేగంతో, విరిగి గుంపుగా, తాపీగా పోతాయి.

ఆయన వినలేదు. సంచిలోంచి పిడికిలంత నల్లరాయి తీసి నా చేతిలో పెట్టాడు. చేనులో దొరికిందట. "అయస్కాంతం అంటుకుంటది. ఇది ఆకాశంల నుంచి పడ్డ ఇనుమే."

బరువుగా ఉంది కానీ ఒళ్లంతా బుడగల తూట్లు. మా వైపు పాత కొలిమి దిబ్బల దగ్గర ఇలాంటివి ఎన్ని కావాలంటే అన్ని. చిట్టెం. ఇనుము కరిగించినప్పుడు మిగిలే చెత్త. భూమ్మీద పడే ఉల్కరాళ్లకు ఇలా తూట్లుండడం చాలా అరుదు. పైన పల్చటి నల్ల పెంకు ఉంటుంది, రొట్టె మాడినట్టు. లోపలికి ఆ వేడి చేరేలోపే కిందికి వచ్చేస్తాయి.

ఆకాశం నుంచి పడేదంతా లోహమని అందరి నమ్మకం. పడుతుండగా చూసి ఏరిన వాటిలో తొంభై శాతానికి పైగా మామూలు రాయే. అందులో ఇనుము, నికెల్ రేణువులు చెదురుగా ఉంటాయి, అయస్కాంతానికి అంటేది వాటివల్లే. పూర్తి ఇనుము-నికెల్ ముద్దలు కొద్ది. అవి ఎప్పుడో ముక్కలైన గ్రహశకలాల (సూర్యుడి చుట్టూ తిరిగే బండల) నడిమి గర్భంలోవి. కొన్ని గ్రహశకలాలు నల్లగా, కార్బన్‌తో, నీళ్లు పట్టిన బంకమన్నుతో ఉంటాయి. నాసా నౌక 2023లో బెన్నూ అనే గ్రహశకలం నుంచి తెచ్చిన 121.6 గ్రాముల మట్టిలో, ప్రోటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు కూడా దొరికాయి. ఆ ఏడేళ్ల ప్రయాణానికి పెట్టిన డబ్బుతో బంగారం కొనుక్కోవచ్చు కదా అని ఆయన లెక్క. నా దగ్గర జవాబు లేదు.

"అయితే లాడ్‌బోరిల పడ్డది?"

"అది మనుషులు చేసింది."

"మరి ఆకాశం నుంచి పడ్డదా లేదా?"

పడింది. ఒప్పుకున్నాను. ఆయన గెలిచినట్టు రాయిని తుడిచి సంచిలో వేసుకున్నాడు.

లాడ్‌బోరిలో ఇప్పుడు చూడ్డానికేం లేదు. చక్రాన్ని అప్పుడే పోలీస్ స్టేషన్‌కు తరలించారు. సిందేవాహి నుంచి ఆటోవాడు రానుపోను మూడు వందల యాభై అడిగాడు. మూడు వందలకు కుదిరింది, టీ మాత్రం నా డబ్బులతోనే తాగాడు.