నిమ్మగడ్డి, నిమ్మతొక్కలు, ఒక స్టీలు కుక్కర్: పొదలకూరులో ఇంటి తైలం పనులు

నెల్లూరు జిల్లా పొదలకూరులో మా ఇంట్లోనే కుక్కర్‌తో ఆకులు, తొక్కలు ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లబరచి సువాసన తైలం తీస్తున్నాను. ఇప్పటిదాకా తేలిందేమిటంటే, ఇంటి పనులకు తైలం కంటే దానితోపాటు దిగే నీళ్లే ఎక్కువ అక్కరకొస్తున్నాయి. ఎలాగో వరసగా రాస్తాను.

ముందు సరంజామా. ఐదు లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు కుక్కర్, ఇండక్షన్ అడుగు ఉన్నది. నిమ్మ పులుపు అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి అది పనికిరాదు. విజిల్ తీసేసి ఆ గొట్టానికి సిలికాన్ ట్యూబు బిగించి, దాని చివర ఏసీ మెకానిక్ దగ్గర కొన్న రాగి పైపు కలిపాను. పైపును పెద్ద డబ్బా చుట్టూ తిప్పి చుట్టగా చేసి 15 లీటర్ల చల్లనీళ్ల బకెట్లో దించి, కొసను అడుగున బెజ్జంలోంచి బయటికి లాగి ఎంసీల్ పూశాను. సేఫ్టీ వాల్వును మాత్రం ముట్టుకోకూడదు. ట్యూబు ఎక్కడా మడతపడకూడదు, ఆకు ముక్క గొట్టంలో ఇరుక్కోకూడదు. అందుకే లోపల చిల్లుల ప్లేటు పెట్టి, దాని కింద నీళ్లు, పైన ఆకు, మూతకు కాస్త ఎడం ఉండేలా సర్దుతాను. తైలం ఆవిరికి మంటంటుకునే గుణం ఉంది, గ్యాసు పొయ్యి కంటే ఇండక్షన్ మేలు.

ఈ కుక్కర్ ఇక వంటకు రాదు. గ్యాస్కెట్ పట్టిన వాసన వదలదు. "దాంట్లో పప్పు పెడితే నేను తినను అబ్బయా" అని మా అమ్మ ముందే చెప్పేసింది. పక్కింటాయన కిటికీలోంచి చూసి "ఏంది, సారా కాస్తుండావా?" అన్నాడు. 1990ల మొదట్లో సారా మీద ఆడవాళ్లు తిరగబడిన దూబగుంట మన జిల్లాదే మరి. రాగి పైపు, బకెట్, ఆవిరి కనబడితే ఎవరికైనా అనుమానమే.

సంక్రాంతి తర్వాత: నిమ్మగడ్డి. పెరట్లో కుదుళ్లు గుబురెక్కాయి. సాయంత్రం కోసి నీడన ఒక రాత్రి వాడబెడితే కుక్కర్లో ఎక్కువ పడుతుంది. రెండంగుళాల ముక్కలు కోసి కిలో గడ్డి, రెండు లీటర్ల నీళ్లు. మరిగేదాకా ఎక్కువ పెట్టి, తర్వాత 600 వాట్లకు తగ్గించి గంటన్నర. కరెంటు యూనిటుంబావు దాటదు. తైలం మూడు మిల్లీలీటర్లు! పచ్చిగడ్డిలో తైలం వందకు అర పాలు కూడా ఉండదు, కాబట్టి ఇది తక్కువేమీ కాదు. కానీ దాంతోపాటు లీటరు దాకా సువాసన నీళ్లు దిగాయి.

చల్లబరచడమే అసలు పని. ఆ లీటరు ఆవిరి వేడంతా బకెట్లోకే వస్తుంది, గంట తిరక్కముందే నీళ్లు కాగిపోతాయి. సగం తోడేసి చల్లవి పోస్తూ ఉండాలి. తోడిన వేడినీళ్లు అంట్లకు వాడేస్తున్నాం. కొసన చుక్కలు గోరువెచ్చగా పడుతున్నాయంటే వేడి తగ్గించాల్సిందే, లేకపోతే వాసన గాల్లో కలుస్తుంది. రోహిణి కార్తెలో మా మిద్దె మీది ట్యాంకు నీళ్లు పొద్దెక్కేసరికి కాలుతుంటాయి, అప్పుడు తెల్లవారుజామున తప్ప ఈ పని పెట్టుకోను.

శివరాత్రి దాటాక: నిమ్మతొక్కలు. మార్కెట్లో పండిన కాయ చౌక, పైగా సోడా బండి ఆయన పిండేసిన తొక్కలు ఊరికే ఇస్తాడు. తొక్కలకున్న రసం కడిగేయాలి. రసంతో కలిసి మరిగితే వాసన మారి కూల్‌డ్రింకు వాసనలోకి దిగుతుంది. కోలాల్లో పడే నిమ్మ తైలం కూడా ఇలా ఆవిరి పట్టి తీసిందే. నాకు అది నచ్చలేదు, అమ్మకు నచ్చింది.

నిమ్మ తైలంలో ఎక్కువ పాలు లిమొనీన్ అనే కరిగించే గుణమున్న పదార్థం. థర్మోకోల్ కప్పులో పోస్తే కప్పే కరిగిపోతుంది. సిరంజీ రబ్బరు కూడా ఉబ్బుతుంది. అందుకే పైన తేలిన తైలాన్ని గాజు డ్రాపర్‌తో తీసి ముదురు గోధుమరంగు గాజుసీసాలో పోస్తున్నాను. ఆ కరిగించే గుణమే కొత్త స్టీలు గిన్నెల మీది స్టిక్కరు జిగురుకు మందు. రెండు చుక్కలు వేసి ఐదు నిమిషాలాగి తుడిస్తే వచ్చేస్తుంది.

ఇల్లు తుడిచే నీళ్లలో తైలం నేరుగా వేస్తే పైన తేలి ఒకచోటే పడుతుంది. చెంచాడు లిక్విడ్ సోపులో పది చుక్కలు కలిపి బకెట్లో వేయాలి. దిగిన నీళ్లతో ఆ గొడవ లేదు, అర లీటరు బకెట్లో పోస్తే చాలు. భోజనాల బల్లకు, వంటగట్టుకు స్ప్రే బాటిల్లో అవే. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంచుతాను, వాసన మారితే అంతకుముందే పారబోస్తాను.

దోమల సంగతి అడుగుతారు, నెల్లూరోళ్లం కదా. 100 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో ఒక మిల్లీలీటరు, అంటే సుమారు 20 చుక్కల నిమ్మగడ్డి తైలం కలిపి కాళ్లకు రాస్తే కాసేపు దగ్గరికి రావు. త్వరగా ఆవిరైపోయే సరుకు, తర్వాత మామూలే. రాత్రికి దోమతెర కట్టాల్సిందే. కలపకుండా ఒంటికి రాయొద్దు, మంట పుడుతుంది. చేత్తో పిండి తీసిన నిమ్మతొక్క నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి. చంటిపిల్లలున్న గదిలో, పిల్లి ఉన్న ఇంట్లో ఏ తైలమూ పెట్టను.

వట్టివేళ్ల జోలికి పోవడం లేదు. వాటి తైలం దిగాలంటే రోజంతా ఆవిరి పట్టాలి, కరెంటు దండగ. కట్ట కట్టి కుండలో వేసుకుంటే చాలు.

తర్వాతి వంతు జామాయిల్, అంటే యూకలిప్టస్. రాపూరు వైపు చేలో కర్ర కొట్టాక ఆకు అక్కడే ఎండిపోతోంది, తెలిసిన రైతు తీసుకుపొమ్మన్నాడు. ఊటీలో అమ్మే నీలగిరి తైలం దీంట్లోనే గ్లోబ్యులస్ అనే జాతిది. కాగితం మిల్లుల కోసం మనవైపు వేసేవి టెరిటికార్నిస్, కమాల్డులెన్సిస్, వాటి సంకరాలు. అంత ఘాటు ఆశించడం లేదు. గోనెసంచిడు ఆకు తెచ్చి, రెండు వాయిలు దించి, అలమరలోకి దూదిలో వేసి చూస్తాను. సీసాల మీద మాత్రం పేరు, తీసిన నెల, కింద ఎర్రసిరాతో "తాగడానికి కాదు" అని రాస్తాను. నీలగిరి తైలం కొంచెం కడుపులోకి పోయినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు, మా ఇంటికి సెలవులకు మేనల్లుళ్లు వస్తుంటారు.