గూడ్స్ షెడ్డు గోడకు ఇవతల

"ఆ గోడ అవతల మాకేమీ అధికారం లేదండీ" అని పురపాలక ఇంజనీరు గారు చెబుతున్నంతసేపూ, ఆయన ముందున్న మా దుమ్ము అర్జీల మీద సన్నని సిమెంటు పొర పేరుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

ఈ ఉదయం మా వార్డు సమావేశం రైల్వే గూడ్స్ షెడ్డు వెనుక వీధిలోనే జరిగింది. రాత్రి వచ్చిన ర్యాకు (గూడ్సు బండి) నుంచి హమాలీలు సిమెంటు బస్తాలు దించుతూనే ఉన్నారు. గడువు దాటితే డెమరేజి, అంటే వ్యాగన్లను ఆపి ఉంచినందుకు రుసుము, పడుతుంది కనుక వాళ్లు ఆగరు, ఆగమని అడగడానికి నాకూ నోరు రాలేదు.

ఇతర చట్టాలు ఏమి చెప్పినా రైల్వే తనకు అవసరమైన నిర్మాణాలు చేపట్టవచ్చునని 1989 నాటి రైల్వే చట్టంలోని 11వ సెక్షను చెబుతుంది. పార్లమెంటు వేరే విధంగా నిర్ణయిస్తే తప్ప, కేంద్ర ఆస్తిపై స్థానిక పన్ను వేయరాదని రాజ్యాంగంలోని 285వ అధికరణం చెబుతుంది. దుమ్ము సంగతి 1981 నాటి వాయు కాలుష్య చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి చూడాలి. ఇక పురపాలక సంఘానికి మిగిలేది లారీలు గుల్లచేసిన రోడ్డు ఒక్కటే.

ఆ రోడ్డు మీద రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లిస్తామని ఇంజనీరు గారు రాసిచ్చారు. అంతవరకు మెచ్చుకోవలసిందే.

ఇంటికి వచ్చేసరికి, పొద్దున ఆరేసిన తెల్ల పంచె బూడిద రంగులో ఉంది.