తీగ కట్టిన బత్తాయి చెట్టు

మా నల్లగొండ బత్తాయి తోటలో గట్టు పక్క చెట్టుకు రెండేళ్ల కింద నేనే ఇనుప తీగ చుట్టాను, కంచె నిలబడాలని. తర్వాత మర్చిపోయాను. మొన్న చూస్తే తీగ బెరడులోకి దిగిపోయింది. దాని పైన కాండం బూరెలా ఉబ్బింది, కింద మాత్రం పాత సన్నమే.

"నీళ్లు పైకి ఎక్కుతలేవు బిడ్డా" అన్నాడు నాయిన. అదే అయితే ఆకులు ఎప్పుడో వాడేవి కదా! పచ్చగానే ఉన్నాయి. నీళ్లు పోయేది లోపలి కట్టెలోని దారునాళాల్లో. తీగ అంత లోతుకు పోలేదు. ఆగింది ఆకులు తయారుచేసిన చక్కెర. అది బెరడు లోపలి పొరలో, అంటే పోషక కణజాలంలో, కిందికి దిగుతుంది. దారి మూసుకుపోయి తీగ పైనే పేరుకుంది. వేర్లు పస్తులున్నాయన్నమాట.

మనకైతే అన్నీ ఒక్క నెత్తురే మోస్తుంది. గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్లు తోస్తుంది, ఆ నెత్తురే మళ్లీ తిరిగి వస్తుంది. 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే అచ్చు వేయించింది నెత్తురు ఇలా తిరిగి వస్తుందన్న సంగతే. చెట్టుకు గుండె లేదు. ఆకుల నుంచి ఆవిరి పోతుంటే ఆ లాగుడుకే నీళ్లు పైకి ఎక్కుతాయి. వేర్లు పీల్చిన దాంట్లో నూటికి 90 వంతులకు పైనే గాలిలో కలుస్తుంది. ఎండాకాలం బోరు నడిపే నాకు ఈ లెక్క వింటే కడుపుమంటే.

కటింగ్ ప్లయర్‌తో తీగ తెంపాను. సగం బెరడులోనే ఉండిపోయింది. నాయిన పేడ, ఎర్రమట్టి కలిపి గాయానికి మెత్తాడు, నా వైపు చూడకుండా.